చుక్కలు దిద్దిన రిజిస్టరు

సోమవారం మొదటి గంట కొట్టకముందే గోపమ్మ కాలేజీకి వచ్చింది. గొంగడి మడిచి భుజాన వేసుకుని ప్రిన్సిపాల్ గది బయట నిలబడింది. లోపల కూర్చోమని అటెండర్ కిష్టయ్య రెండుసార్లు చెప్పినా కదల్లేదు. లోపల కుర్చీలుంటాయి. కూర్చోకపోతే ఒక తప్పు, కూర్చుంటే ఇంకో తప్పు. ఆ ఫికరంతా ఎందుకని గోడకు ఆనుకుని నిలబడింది.

హమీద్ సార్ సైకిలు దిగి స్టాండు వేస్తుంటే దగ్గరికి వచ్చింది.

"సారూ, వకీలు రాములు పంపిండు. బేస్తవారం నాడు కోర్టుకు రావాలెనంట మీరు. మా భిక్షపతి దిక్కు సాక్ష్యం చెప్పాలెనంట."

"శనివారమే కాగితం వచ్చింది గోపమ్మా. నేనొస్త."

"హాజరు బుక్కు గూడ తేవాలెనంట."

"తెస్త."

అయినా ఆమె వెళ్లలేదు. గొంగడి కొస వేళ్లతో నలుపుతూ అడగాలా వద్దా అని కాసేపు చూసి అడిగేసింది.

"ఆ దినం మావోడు మీ తాననే ఉన్నడు గద సారూ? మీకు మంచిగ యాదికున్నదా?"

"ఎందుకు యాదికుండదు? జులై పద్దెనిమిది. మొదటి గంట నాదే. నన్నొక సవాలు అడిగిండు మీవోడు. వెట్టి రద్దయిందని పుస్తకంల రాసిన్రు గద సార్, మరి మా తాత అటెన్క పదేండ్లు ఎట్ల చేసిండు అన్నడు. నాకు జవాబు దొరకలే. రేపు చెప్త కూసో అన్న."

"మా మామ చేసింది నిజమే," అంది గోపమ్మ. ఆమె మొహంలో కొంచెం వెలుగు వచ్చింది. "గిదే చెప్పుర్రి సారూ కోర్టుల. గిట్లనే చెప్పుర్రి."

పోయినేడు, అంటే తొంభై ఒకటి జులై పద్దెనిమిదిన, పొద్దున పదిన్నరకు గొల్లగుట్ట దగ్గర కల్వర్టు మీద ఎవరో బస్సు ఆపి, జనాన్ని దింపి తగలబెట్టారు. చేసింది అన్నలని అందరికీ తెలుసు. అన్నలు అడవిలో ఉంటారు, గొల్లగుట్ట రోడ్డు పక్కన ఉంటుంది. ఎవరు దొరుకుతారో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మూడో నాడు ఆదివారం తెల్లారి పోలీసులు ఊరి మీద పడితే కాళ్లున్న మగవాళ్లంతా జొన్నచేలలో పడి పరుగెత్తారు. ఇంటర్ రెండో సంవత్సరం చదివే భిక్షపతి మాత్రం పుస్తకం చేతిలో పెట్టుకుని అరుగు మీదే కూర్చున్నాడు. నేను కాలేజీలో ఉన్నాను కదా, నన్నెందుకు పట్టుకుంటారు అనుకున్నాడు. చదువుకున్నవాడికి అలాంటి ధైర్యం ఒకటి ఉంటుంది. పోలీసులు వాణ్ని కూడా లెక్కలో వేసుకున్నారు. ఎనభై రోజులు జైల్లో ఉండి, దసరా సెలవుల్లో బెయిలు మీద వచ్చాడు. ఇప్పుడు ఆ కేసు ఎర్రగట్టు మున్సిఫ్ కోర్టులో చివరికొచ్చింది. వాడి తరఫున ఒక్కడే సాక్షి మిగిలాడు, అది హమీద్ సార్.

ఎర్రగట్టు జూనియర్ కాలేజీకి అబ్దుల్ హమీద్ తొమ్మిదేళ్లుగా ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్. అంటే బరువంతా ప్రిన్సిపాల్‌ది, జీతం మాత్రం చరిత్ర లెక్చరర్‌ది. ప్రమోషన్ల లిస్టు హైదరాబాదులో ఫలానా సెక్షన్‌కు వచ్చిందని ప్రతి ఎండాకాలం కబురొచ్చేది. సెక్షన్ మారేది గానీ లిస్టు బయటికొచ్చేది కాదు. ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. ఈయన తరువాత చేరినవాళ్లు మహబూబ్‌నగర్‌లోనూ నల్లగొండలోనూ పూర్తి ప్రిన్సిపాళ్లయి, మీటింగులో కలిసినప్పుడు "ఏం హమీద్ భాయ్, ఇంకా ఇన్‌ఛార్జేనా?" అని భుజం తట్టేవారు. ఆయన నవ్వేవాడు. ఇంటికొచ్చాక ఆ రాత్రి అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

మంగళవారం చివరి గంట అయ్యాక కిష్టయ్యతో పాత బీరువా తెరిపించాడు. రిజిస్టర్లన్నీ ఏడాదివారీగా ఎర్రగుడ్డలో కట్టి, మధ్యమధ్య చెదల మందు చల్లి ఉన్నాయి. ఆ కట్టలు ఆయనే కడతాడు, ఇంకొకరు కడితే ముడి నచ్చదు. తొంభై ఒకటి, తొంభై రెండు అని చీటీ అంటించిన మూట విప్పి, హెచ్.ఇ.సి. రెండో సంవత్సరం రిజిస్టరు తీసి, బల్ల మీద పెట్టి మోచేత్తో దుమ్ము తుడిచాడు.

జులై పేజీ. ఇరవై మూడో నంబరు, కె. భిక్షపతి. స్కేలు అడ్డం పెట్టి వేలు జరుపుకుంటూ పోయాడు. పద్దెనిమిది దగ్గర ఇంగ్లీషు పి అక్షరం నీలిసిరాతో నిటారుగా ఉంది. తన చేతి రాతే. "ఇగో కిష్టయ్యా," అన్నాడు సంతోషంగా.

అలవాటు కొద్దీ వేలు ఇంకా ముందుకు పోయింది. పంతొమ్మిది, ఇరవై. ఇరవై ఒకటి ఆదివారం. ఇరవై రెండున పి. ఇరవై మూడున పి. ఇరవై నాలుగున పి. నెలాఖరు దాకా పి. ఆయన ఆగస్టు పేజీ తిప్పాడు. పి. సెప్టెంబరు తిప్పాడు. పి.

ఇరవై ఒకటి నుంచి ఆ రోజులన్నీ భిక్షపతి జైల్లో ఉన్నాడు.

హమీద్ సార్ కుర్చీలో వెనక్కి వాలాడు.

ఎవరు దిద్దారని అడగడానికి లేదు. దిద్దింది తనే. ఎర్రగట్టు కాలేజీలో అదొక ఆనవాయితీ. రాని పిల్లలకు ఇక్కడ ఆబ్సెంటు వేయరు, గడిలో సన్నగా చుక్క పెట్టి వదిలేస్తారు. ఆ పద్ధతి పెట్టింది హమీద్ సారే. సంక్రాంతి దాటితే గొర్ల మందలతో కృష్ణ ఒడ్డుకు పోయే పిల్లలుంటారు. తల్లిదండ్రుల వెంట దూరదేశం మట్టిపనికి పోయి రెండు నెలలకు తిరిగొచ్చే పిల్లలుంటారు. నూటికి డెబ్బై అయిదు హాజరు లేకపోతే హాల్ టికెట్ రాదు. ఆ రూలు రాసినవాళ్లు గొర్లు కాసిన పాపాన పోలేదు. అందుకని ఫిబ్రవరి చివర్లో రెండు మధ్యాహ్నాలు ఆయన ఈ బల్ల దగ్గరే కూర్చుని, చుక్క మీది నుంచి నిలువు గీత గీసి, తల దగ్గర చిన్న సున్నా చుడతాడు. పక్కన కిష్టయ్య అద్దుడు కాగితం పట్టుకుంటాడు. దాన్ని వాళ్లిద్దరూ చుక్కలు దిద్దుడు అంటారు. అలా దిద్దిన చుక్కలతో హాల్ టికెట్లు తెచ్చుకున్నవాళ్లు ఈ తాలూకాలో టీచర్లున్నారు, నర్సులున్నారు, ఒక డిప్యూటీ తాసిల్దారు కూడా ఉన్నాడు.

భిక్షపతికి చెరలో ఉన్న రోజులు తప్ప మానేసిన రోజులే లేవు. అందుకని వాడి గడుల్లో చుక్కలన్నీ ఆ రోజులవే. సగం దిద్దితే చాలేది, లెక్కకు అంతే కావాలి. కానీ హమీద్ సార్ ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం పట్టుదల మీద ఉన్నాడు. చేయని నేరానికి పిల్లవాడు ఒక్కరోజు కూడా నష్టపోకూడదని మొదటి చుక్క నుంచి చివరి చుక్క దాకా అన్నీ దిద్దాడు. దిద్దాక కలం మూత పెట్టి, అల్లా చూస్తున్నాడులే అనుకున్నాడు. భిక్షపతి మార్చిలో పరీక్ష రాసి, సెకండ్ క్లాసులో పాసయ్యాడు. గోపమ్మ జున్నుపాలు తెచ్చి ఇచ్చింది.

"చూడు," అని కిష్టయ్యను వంగమన్నాడు. "పద్దెనిమిదిది అప్పుడే రాసింది. ఇరవై రెండుది దిద్దింది. దిద్దిన దానికి కాలు కింద చుక్క ముద్దగ కనబడ్తది. కనబడుతుందా?"

కిష్టయ్య పేజీ మీదికి వంగి, అటు నుంచి చూసి, ఇటు నుంచి చూశాడు.

"అన్ని ఒక్క తీరుగనే ఉన్నయి సార్."

"మంచిగ చూడు."

"మంచిగనే చూస్తున్న సార్. మీరు తొమ్మిదేండ్ల సంది దిద్దుతున్నరు. తప్పు దొరకకుంటనే గద దిద్దిన్రు."

కిష్టయ్య పుస్తకం మూసి, ఎర్రగుడ్డ మడతపెట్టి, నెమ్మదిగా అన్నాడు.

"చెదలు తిన్నయని చెప్పుర్రి సార్. పోయిన వానకు ఒక మూట కరాబైంది నిజమే గద. అండ్లనే పోయిందంటే ఎవరొచ్చి చూస్తరు?"

"బుక్కు లేకుంటే నా మాట ఒక్కటే మిగుల్తది."

"మీ మాట చాలదా సార్?"

మొహమాటానికి అంటున్నాడనుకున్నాడు హమీద్ సార్. రిజిస్టరును మళ్లీ మూటలో కట్టకుండా తన సొరుగులో పెట్టి తాళం వేసుకున్నాడు.

బుధవారం రెండో గంటలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. యూనిఫాం లేదు, జీపు కూడా గేటు బయటే ఆపాడు. గుంటూరు వైపు మనిషి, మాట తీయగా ఉంటుంది. ఆయన గదిలోకి రాగానే వరండాలో పిల్లల మాటలు ఆగిపోయాయి.

"నమస్కారమండీ మాస్టారూ. ఇటు వెళ్తూ, మిమ్మల్ని ఒకసారి చూసి పోదామని."

హమీద్ సార్ చాయ్ తెప్పించాడు. ఇన్‌స్పెక్టర్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగాడు. కాలేజీ గోడలకు సున్నం బాగా వేయించారన్నాడు. నీళ్లకు ఇబ్బందిగా ఉందా అన్నాడు. కప్పు బల్ల మీద పెట్టాక అసలు సంగతికి వచ్చాడు.

"మీ ప్రమోషన్ ఫైలు కదిలిందటగా. మీ గురించి పైనుంచి మాకొక కాగితం వచ్చింది. మనిషి ఎలాంటివాడు, ఎవరెవరితో తిరుగుతాడు, అదీ ఇదీ. మామూలేనండి. నేను రాసి పంపాలి."

"రాయండి."

"రాస్తానండి. రాయడానికే కూర్చున్నా. ఈలోగా మీరు రేపు కోర్టుకు వస్తున్నారని తెలిసింది. మీరు పెద్దవారు, నేను చెప్పేదేముంది. రిజిస్టరు వెతికితే దొరకలేదని ఒక ముక్క రాసివ్వండి చాలు. పాత కాగితాలు. దొరక్కపోతే ఎవరేమంటారు?"

"దొరికిందండీ. నా సొరుగులనే ఉంది."

ఇన్‌స్పెక్టర్ సొరుగు వైపు చూశాడు. కోపం రాలేదు, కాస్త జాలిపడ్డట్టు కనిపించాడు.

"తొమ్మిదేళ్లు చూశారు మాస్టారూ. వాడెవడో గొర్రెల కాపరి కొడుకు కోసం ఎందుకండీ ఇదంతా?"

"అట్ల రాసియ్యలేనండీ నేను," అన్నాడు హమీద్ సార్. ఇన్‌స్పెక్టర్ నమస్కారం పెట్టి లేచి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక హమీద్ సార్ మనసు తేలికపడింది. నిన్నటి నుంచి పీకుతున్న ముల్లు ఊడి వచ్చినట్టయింది. పోలీసులు దాచమంటున్నారంటే అది చూపించాల్సిందే. ఇక చెదల అబద్ధం చెబితే వాళ్లకూ తనకూ తేడా ఏముంది? రిజిస్టరు పట్టుకుపోతాడు. చుక్కలు దిద్దిన సంగతి కూడా తనే చెబుతాడు. ఉద్యోగం పోయే తప్పును నోటితో ఒప్పుకున్న మనిషి ఇంకోచోట అబద్ధమెందుకు ఆడతాడని ఏ మెజిస్ట్రేట్‌కైనా తోస్తుంది. ప్రమోషన్ పోతుంది. సస్పెన్షనూ వస్తుంది. రానీ. ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పినందుకు ఒక్కసారన్నా ఏదో ఒకటి చేసినట్టుంటుంది అనుకున్నాడు. ఆ మాట అనుకున్నప్పుడు ఆయనకు కొంచెం గర్వంగానే ఉంది.

సాయంత్రం ఇంట్లో భార్య హలీమా రొట్టెలు చేస్తుంటే పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చుని అంతా చెప్పాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది ఉర్దూలో. ఆమె రొట్టె తిప్పుతూ విన్నది.

"మరి ఆ పేజీ సంగతి వకీలుకు చెప్పారా?" అంది.

"చెబితే బుక్కు తేవద్దంటాడు. వకీళ్లకు నిజంతో పనేముంది?"

"ఆ పిల్లవాడి తల్లికి?"

"ఆమెకేం అర్థమవుతుంది హలీమా?"

"జైలుకు పోయేది ఆమె కొడుకు కదా," అంది ఆమె. రొట్టె పెనం మీద నుంచి తీసి ఆయన పళ్లెంలో వేసింది. ఆయన రెండో రొట్టె అడిగి వేయించుకున్నాడు. చాలా రోజుల తరువాత ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు.

గురువారం కోర్టు ముందు రేకుల షెడ్డు కింద గోపమ్మ, భిక్షపతి, వకీలు రాములు ముందే వచ్చి ఉన్నారు. భిక్షపతి తండ్రి బీరప్ప మందతో ఎక్కడో ఉన్నాడు. గొర్లకు వాయిదాలు తెలియవు. భిక్షపతి హమీద్ సార్‌ను చూడగానే క్లాసులో లేచినట్టు లేచాడు. తెల్ల అంగీ తొడుక్కున్నాడు, దాని చేతులు పొట్టివయ్యాయి. రాములు రిజిస్టరు మూట చూసి, "తెచ్చిన్రా సార్? శానా మంచిది. ఇగ ఫికర్ లేదు," అని లోపలి నుంచి పిలుపు రావడంతో హడావుడిగా పోయాడు. పేజీ సంగతి చెప్పాలంటే అప్పుడైనా చెప్పవచ్చు. హమీద్ సార్ మూటను చంకలో సర్దుకున్నాడు.

బోనెక్కి ప్రమాణం చేశాడు. రాములు అడిగాడు, ఈయన చెప్పాడు. ఆ రోజు మొదటి గంట తనదేనన్నాడు. గొల్లగుట్ట పదమూడు కిలోమీటర్లన్నాడు. పదకొండు దాకా ఆ పిల్లవాడు రెండో బెంచీలోనే ఉన్నాడన్నాడు. ఎలా గుర్తుందని అడిగితే వెట్టి ప్రశ్న చెప్పాడు. అందాకా తల వంచుకుని రాసుకుంటున్న మెజిస్ట్రేట్ కలం ఆపి తల ఎత్తాడు. నడివయసు మనిషి, నిద్రలేని కళ్లు.

"మీరేం జవాబిచ్చారు?" అని అడిగాడు.

"రేపు చెప్తానన్నాను సార్. ఇప్పటి వరకు నాకు జవాబు దొరకలేదు."

మెజిస్ట్రేట్ మొహంలో నవ్వులాంటిది మెదిలింది. భిక్షపతిని ఒకసారి చూసి, ఏదో రాసుకున్నాడు. రాములు సంతృప్తిగా కూర్చున్నాడు.

ప్రభుత్వ వకీలు లేచాడు. ఆ రోజు ఆయనకు ఇంకా నాలుగు కేసులున్నాయి. రిజిస్టరు చేతిలోకి కూడా తీసుకోలేదు. అడగాలి గనుక అడిగినట్టు అడిగాడు.

"మీరు తెచ్చిన ఈ రిజిస్టరులో ఉన్నదంతా నిజమేనా?"

అవును అంటే అయిపోయేది. ఆయన కూర్చునేవాడు.

"కాదు సార్," అన్నాడు హమీద్ సార్.

టైపు కొట్టే మనిషి చేతులు ఆగిపోయాయి. రాములు తల తిప్పి చూశాడు. హమీద్ సార్ చెప్పడం మొదలుపెట్టాడు. క్లాసులో చెప్పినట్టు మొదటి నుంచి, వరసగా చెప్పాడు. గొర్లు కాసే పిల్లల సంగతి, హాల్ టికెట్ల సంగతి, చుక్కల సంగతి, ఫిబ్రవరి మధ్యాహ్నాల సంగతి. ప్రభుత్వ వకీలు కళ్లజోడు పెట్టుకున్నాడు. ఇప్పుడు రిజిస్టరు తీసుకుని జులై పేజీ తెరిచాడు.

"ఇరవై రెండో తేదీన ముద్దాయి ఎక్కడున్నాడు?"

"జైల్లో."

"మీ రిజిస్టరు ప్రకారం?"

"నా క్లాసులో."

"ఆగస్టు పదిహేడున?"

"జైల్లో."

"మీ రిజిస్టరులో?"

"నా క్లాసులో."

"జులై పద్దెనిమిదిన?"

"నా క్లాసులో."

"నాకింకేం ప్రశ్నలు లేవు సార్," అని ప్రభుత్వ వకీలు కూర్చున్నాడు.

"సార్," అన్నాడు హమీద్ సార్ మెజిస్ట్రేట్ వైపు తిరిగి. "దిద్దినవి వేరు, అసలువి వేరు. దిద్దిన దానికి కాలు కింద చుక్క ఉంటుంది. చూస్తే తెలుస్తుంది."

మెజిస్ట్రేట్ రిజిస్టరు తెప్పించుకున్నాడు. కిటికీ వైపు తిప్పి, కళ్లజోడు తీసి, పేజీని మొహానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. నిజంగానే కష్టపడి చూశాడు. తరువాత పేజీ మూశాడు.

"నాకన్నీ ఒకేలా కనబడుతున్నాయి మాస్టారూ," అన్నాడు.

బయట షెడ్డు కింద రాములు నల్లకోటు తీసి చేతి మీద వేసుకుని కొంచెంసేపు అటూ ఇటూ నడిచాడు. పెద్దమనిషి మీద అరవలేక ఊరుకున్నాడు గానీ, ఊరుకోవడం చేతకాలేదు.

"వాళ్లు ఆ పేజీ చూడనే లేదు సార్. చూసే సోయి గూడ లేదు వాళ్లకు. నాకు నిన్ననే ఒక మాట చెప్తే బుక్కు ఇంట్ల పెట్టి రమ్మందును. ఒట్టి మీ మాటతోని నిలబెడుదును. ఆ వెట్టి ముచ్చట చెప్పినప్పుడు మెజిస్ట్రేట్ మొఖం చూసిన్రా? ఇడిసిపెట్టెటోడు సార్. ఇడిసిపెట్టెటోడు."

గోపమ్మ ఒకరి తరువాత ఒకరి మొహం చూస్తోంది. "ఏమైంది? సారు మంచిగనే చెప్పిండు గద? శానాసేపు చెప్పిండు గద?"

భిక్షపతి హమీద్ సార్ చేతిలోంచి రిజిస్టరు తీసుకుని, ఊడిపోతున్న ఎర్రగుడ్డ ముడి బిగించి మళ్లీ ఇచ్చాడు.

"బాధపడకుర్రి సార్," అన్నాడు. "మీరు దిద్దకుంటే నేను పరీక్షనే రాయకపోదును."

తిడితే బాగుండునని హమీద్ సార్‌కు అనిపించింది.

సోమవారం తీర్పు వచ్చింది. మూడేళ్లు. రిజిస్టరు నమ్మదగినది కాదని, దాన్ని రాసిన సాక్షే ఆ మాట ఒప్పుకున్నాడని, అలాంటి సాక్షి జ్ఞాపకాన్ని కూడా నమ్మలేమని మెజిస్ట్రేట్ రాశాడు. భిక్షపతిని జీపు ఎక్కించేటప్పుడు గోపమ్మ జీపు వెనుక కడ్డీ పట్టుకుని వదల్లేదు. కానిస్టేబులు ఒక్కో వేలూ విడదీశాడు.

హమీద్ సార్ సస్పెన్షన్ కోసం ఎదురుచూశాడు. తాళంచెవులకు చీటీలు కట్టి, ఏ తాళం ఏ గదిదో కాగితం మీద రాసి పెట్టాడు. స్టాకు పుస్తకం సరిచూశాడు. వచ్చేవాడికి ఇబ్బంది ఉండకూడదు. పోస్టు వచ్చే వేళకు రోజూ వరండాలోకి వచ్చి నిలబడేవాడు. మూడు వారాలకు హైదరాబాదు నుంచి కవరు వచ్చింది. అందరి ముందూ చించాడు. అది ప్రమోషన్ ఆర్డరు. అబ్దుల్ హమీద్, ప్రిన్సిపాల్, ఎర్రగట్టులోనే పోస్టింగు.

ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. పొరపాటున వచ్చిందేమోనని కవరు మీది పేరు కూడా చూశాడు.

మధ్యాహ్నం ఫోను మోగింది. "కంగ్రాట్స్ అండీ మాస్టారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ రోజు మీతో కాస్త తొందరపడి మాట్లాడాను, ఏమనుకోకండి. మీరు ఇంత సాయం చేస్తారని నేననుకోలేదు. నా రిపోర్టులో నాలుగు మంచి మాటలు రాశానండి. రిజిస్టరు గొడవ మీ డిపార్టుమెంటు దాకా పోకుండా నేను చూసుకుంటాను." హమీద్ సార్ ఫోను పెట్టేశాడు. పెట్టాక కూడా చాలాసేపు దాని మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు.

లెక్చరర్లు దండ తెచ్చి వేశారు. వేసినవాడు వేసేటప్పుడు ఆయన కళ్లలోకి చూడలేదు. కాలేజీ ఎదుటి చాయ్ హోటల్లోకి ఆయన పోతే బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. మర్నాడు పొద్దున కాంపౌండు గోడ మీద బొగ్గుతో ఎవరో రాశారు: వానికి మూడేండ్ల జైలు, వీనికి కుర్చీ. కిష్టయ్య తడిబట్టతో తుడిచాడు. బొగ్గు పోయింది గానీ కొత్త సున్నం మీద నల్లటి మరక మిగిలిపోయింది. దాన్ని దాటుకునే పిల్లలు లోపలికి వచ్చేవారు.

నేను అందుకోసం చెప్పలేదు అని ఎవరితో అనాలి? నమ్మించడానికి ఆయన దగ్గర ఏ కాగితమూ లేదు. ప్రమోషన్ వద్దని ఒక దరఖాస్తు రాశాడు. నాలుగు లైన్లు. హలీమా చదివి, "ఇది పంపితే ఆ పిల్లవాణ్ని వదులుతారా?" అని అడిగింది. వదలరు. ఆ దరఖాస్తు ఆయన పంపలేదు. ఆ ఒక్క ప్రశ్నే కారణమని తనకు తాను చెప్పుకున్నాడు గానీ, అది పూర్తి నిజం కాదు. తొమ్మిదేళ్లు ఆ కుర్చీ కోసం చూశాడు. అది వచ్చాక వదలబుద్ధి కాలేదు.

సెప్టెంబరు చివర్లో ఒక పగలు గోపమ్మ వచ్చింది. ఈసారి కిష్టయ్య పిలవకముందే తిన్నగా లోపలికి వచ్చి బల్ల ముందు నిలబడింది. మనిషి సగమైంది. హమీద్ సార్ గబగబా లేచాడు.

"సారూ, పెద్దకోర్టుకు అప్పీలు చేస్తున్నడు వకీలు. మావోడు మంచోడని కాలేజీ నుంచి కాగితం కావాలెనంట. మీరు రాసియ్యాలెనంట."

"రాస్త. ఇప్పుడే రాస్త. కూసో గోపమ్మా."

ఆమె కూర్చోలేదు. ఆయన మంచి కాగితం వెతికి తీసి, గీతలు పోకుండా కింద అట్ట పెట్టుకుని రాశాడు. ఒక చోట అక్షరం వంకరపోయింది. ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి తీసి మళ్లీ మొదటి నుంచి రాశాడు. సంతకం చేసి, కొత్తగా వచ్చిన రబ్బరు ముద్ర వేశాడు. అందులో ఇన్‌ఛార్జి అన్న మాట లేదు.

"ఏం రాసిన్రు సారూ?"

"రెండేండ్లు నా తాన చదివిండని. బుద్ధిమంతుడని. ఏనాడు తప్పు పని చెయ్యలేదని."

"ఊకె రాసిన్రా, నిజంగ రాసిన్రా?"

"నిజంగనే రాసిన గోపమ్మా."

"నమ్ముతరా?"

ఆయన కాగితం ఆమెకివ్వకుండా పట్టుకునే ఉన్నాడు. ఇన్నాళ్లూ ఎవరితోనూ అనని మాట నోటి దాకా వచ్చింది.

"ఊర్లె ఏమనుకుంటున్నరో నాకు తెలుసు. గీ నౌకరీ కోసం చెప్పలే నేను. నౌకరీ పోతదనే అనుకున్న. మీవోణ్ని బచాయించాలనే చెప్పిన."

"అంటున్నరు సారూ," అంది గోపమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "కుర్చీకి నా కొడుకును అమ్మిండు అంటున్నరు. మా ఆయన అంటున్నడు. మా ఊరంత అంటున్నది."

"నువ్వేమంటున్నవ్?"

ఆమె కాగితం వైపు చూసింది, తరువాత ఆయన వైపు చూసింది.

"నేనేమంట సారూ? నేను గూడ గట్లనే అంటే, గీ కాగితం నాకెవరు రాసిస్తరు?"

చెయ్యి చాపింది. ఆయన ఇచ్చాడు. ముద్ర తడి ఇంకా ఆరలేదు. ఆమె దాన్ని మడవకుండా రెండు చేతులతో అంచులు పట్టుకుని, తలుపు దగ్గర పక్కకు తిరిగి జాగ్రత్తగా బయటికి నడిచింది.